మూడో నొక్కు

నేను ఒక స్టాప్‌వాచీని. టైమెంతయిందని మాత్రం నన్ను అడక్కండి, చెప్పలేను. పొద్దున్నో మాపో, శనివారమో ఆదివారమో నాకు తెలియదు. ఒక పని మొదలయ్యాక ఎంతసేపు పట్టిందో చెప్పడమే నా విద్య. అదైనా అరకొర విద్యే. నా పెద్దముల్లు నిమిషానికొక చుట్టు తిరుగుతుంది, చిన్నముల్లు అరగంటకొక చుట్టు. అరగంట దాటిందా, మళ్ళీ మొదటికే. అలాంటి అరగంటలు ఎన్ని గడిచాయో గుర్తుపెట్టుకునే పూచీ మనుషులది.

నా నెత్తిన ఉన్నది ఒకటే బొత్తాం. మొదటి నొక్కుకి బయల్దేరతాను. రెండో నొక్కుకి ఆగుతాను. మూడో నొక్కుకి ముళ్ళు రెండూ గబుక్కున సున్నా దగ్గరికి పోతాయి, అంతవరకూ జరిగింది నాలోంచి చెరిగిపోతుంది. ప్రస్తుతం నేను రెండో నొక్కుకీ మూడో నొక్కుకీ మధ్య ఉన్నాను. తొమ్మిది నెలలుగా అక్కడే ఉన్నాను.

నేను పుట్టింది బెంగుళూరులో. కంటికి భూతద్దం బిగించుకున్న ఒకావిడ నా గుండెలో తలవెంట్రుకంత స్ప్రింగు అమర్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పెట్టేసింది. ఆమె మొహం సరిగ్గా చూడనేలేదు. అక్కణ్ణుంచి భీమిలి హైస్కూలుకి వచ్చి, డ్రిల్లు మాస్టారు పైడినాయుడి మెడలో పడ్డాను.

మాస్టారు మంచివాడే గాని, ఆయన బొటనవేలు నిజాయితీగలది కాదు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి పరిగెత్తే పిల్లల్ని ఆయన ఇట్టే పసిగట్టేవాడు. వాళ్ళు గీత దాటడానికి రెండడుగులుండగానే నన్ను నొక్కేసేవాడు. "భలే పరిగెట్టినావురా!" అని మెచ్చుకుని, ఆ టైమే రిజిస్టరులో రాసేవాడు. కచ్చితంగా లెక్క చెప్పడానికి పుట్టిన నాతో అబద్ధం చెప్పిస్తాడా అని నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పట్లో నాకు లోకం తెలియదు లెండి.

ఆ బళ్ళోనే ఎల్లాజీ చదివాడు, రెండు తరగతుల కింద అతని మేనమామ కూతురు నూకరత్నం చదివింది. వాడు దూరపు పందేల మనిషి. అది ఎనిమిదివందల మీటర్లలో మాస్టారి దయ అక్కర్లేని పిల్ల. ఎల్లాజీ జిల్లా పోటీల్లో ఐదువేల మీటర్లు గెలిచిన ఏడు మాస్టారు రిటైరయ్యాడు. వెళ్తూ వెళ్తూ నన్ను తీసి వాడి మెడలో వేశాడు.

తర్వాత ఎల్లాజీ ఐటీఐ చదివి, సరుకు ఓడలో ఇంజను ఫిట్టరయ్యాడు. నూకరత్నాన్ని పెళ్ళాడి విశాఖలో పెదజాలారిపేటలో కాపురం పెట్టాడు. తొమ్మిది నెలలు నీళ్ళమీద, మూడు నెలలు ఇంట్లో. కాపురం కొత్తల్లో ఆ మూడు నెలలూ తెల్లారగట్ల తడి ఇసకలో ఆమె పరిగెత్తేది, అతను నన్ను పట్టుకుని నిలబడేవాడు. అతని కుడి బొటనవేలు ఒకసారి ఇంజనులో నలిగింది. గోరు రెండుగా చీలి వంకరగా మొలిచింది. ఆ వంకర గోరు నా బొత్తాం మీద ఆనగానే నాకు తెలిసిపోయేది, ఇక ఆమె వస్తుందని. నాకు కాళ్ళు లేవు గాని, ఆ క్షణంలో ఎవరికోసమో ఎదురు వెళ్తున్నట్టే ఉండేది. ఓడెక్కేటప్పుడు మాత్రం నన్ను ఆమె దగ్గరే వదిలి వెళ్ళేవాడు. "దీనికి ఉప్పుగాలి పడదే, తుప్పట్టిపోద్ది," అనేవాడు. ఆమెకు మాత్రం ఉప్పుగాలి పడుతుందా, ఒంటరితనం పడుతుందా అని అడగాలని ఎప్పుడూ తోచలేదు. మగవాళ్ళకు యంత్రాల మీద ఉన్న శ్రద్ధ అలాంటిది.

కిందటి సారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఓడ మునగలేదు, దొంగలూ పట్టుకోలేదు. ఎక్కడో అరబ్బు దేశపు రేవు బయట, ఓడ యజమానికీ రేవు వాళ్ళకీ తగాదా వచ్చి, లంగరు వేసిన ఓడ వేసినట్టే ఉండిపోయింది. దిగడానికి ఓడలోవాళ్ళకు కాగితాల్లేవు, కదలడానికి ఓడకు అనుమతి లేదు. ఊరు కంటికి కనిపిస్తూ ఉంటుందట, కాలు పెట్టనివ్వరట. ఓడ తోక ఒడ్డువైపు తిరిగినప్పుడు ఫోనుకి సిగ్నలు వస్తుంది, అలల పోటుకి అటు తిరిగితే పోతుంది.

ఏడు నెలలు అలాగే గడిచాయి. నూకరత్నం సిటీ బస్సులో కండక్టరు. నిద్రలేదు, తిండి సరిగ్గా లేదు, చిల్లర అడిగితే మండిపడేది. ఒకరోజు బీచిరోడ్డు స్టాపులో బస్సు ఆగింది. జనం ఎక్కారు, దిగారు. బయటి లంగరులో నిలిచిన ఓడల్ని చూస్తూ ఆమె 'రైట్ రైట్' అనడం మరిచిపోయింది. నేను ఆమె సంచిలో ఉన్నాను, ఎవరూ నొక్కలేదు కాబట్టి ఎంతసేపో చెప్పలేను. చివరికి డ్రైవరు సింహాచలం లేచి వచ్చాడు.

"ఏటమ్మా నూకరత్నం, మనం ఇక్కడే కాపరం ఎట్టీసినామా?" అన్నాడు.

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఎల్లాజీ దగ్గర్నుంచి ఫోను లేదు. పన్నెండో నాడు వచ్చింది. గొంతు అతనిదే గాని, అందులో మనిషి లేడు.

"రత్తా, ఓడంచు కమ్మీకాడ నిలబడితే నీళ్ళు మరీ దగ్గిరగా అవుపిస్తన్నాయే. మొన్న సాలాసేపు సూసినాను."

తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"బావా, పిబ్రవరిలో ఇక్కడ మారథాను పందెం ఎడతన్నారు. నలబైరెండు కిలోమీటర్లు. నాను పేరిచ్చీసినాను."

అది పచ్చి అబద్ధం. పదేళ్ళుగా ఆమె బస్సు వెనక తప్ప మరిదేని వెనకా పరిగెత్తలేదు.

"నలబైరెండే? నీకేటి పిచ్చా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో కదిలింది. ఆమె దాన్ని పట్టుకుంది.

"నాకు నేర్పించీవాడేడి? నువ్వే సెప్పాలి. ఉత్తినే సెప్పీడం కాదు, నువ్వూ ఆ ఓడ సుట్టూ పరిగెట్టు. నానిక్కడ, నువ్వక్కడ. ఒకేసారి మొదలెడదాం. కమ్మీకాడ నిలబడకు బావా. పరిగెట్టు."

మర్నాడే అతను లెక్క తేల్చి ఫోను చేశాడు. ఓడపైన ఒక చుట్టు మూడువందల యాభై మీటర్లు. పందేనికి నూట ఇరవై ఒక్క చుట్లు. చుట్టుకొక ఇనప నట్టు ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో వేస్తాడట. ఆమె ఆ రోజే పరుగెత్తుకెళ్ళి నిజంగా పేరిచ్చి వచ్చింది.

మొదటి తెల్లవారుజామున నన్ను మెడలో వేసుకుని బీచిరోడ్డు ఎక్కింది. నిమిషాలు లెక్కపెట్టినవాణ్ణి నేను, నాకు తెలుసు. పదకొండు నిమిషాలకి పిట్టగోడ మీద కూలబడి ఆయాసపడింది. ఫోనులో అతనికి ఇరవై అని చెప్పింది. అప్పుడు నాకు పైడినాయుడు మాస్టారు గుర్తొచ్చారు. నాకు ఒళ్ళు మండలేదు.

అత్త గౌరమ్మకి ఈ సంబడం బొత్తిగా నచ్చలేదు. "మగడు నీళ్ళమీద ఉంటే పేంటేసుకుని రోడ్డుమీద పరుగులేటే? సూసినోలు నవ్వరా?" అని రోజూ సణిగేది. నూకరత్నం ఓపిక పట్టింది. ఒకనాడు కాలిగోళ్ళు రెండు నల్లబడి ఊడిపోతే పసుపు అద్దుకుంటూ, కమ్మీ సంగతి చెప్పేసింది. ముసలావిడ చింతపండు ఒలుస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత పన్నెండు చింతపిక్కలు ఏరి, కడిగి, కోడలి చేతిలో పోసింది.

"నీ గడియారానికి అరగంట కాడికే లెక్కొచ్చునంటివి. అరగంటకొక పిక్క ఈ జేబులోంచి ఆ జేబులో ఏసుకో."

నా లోపం మీద అంత మర్యాదగా మాట్లాడినవాళ్ళు లేరు.

అలా ఆరు నెలలు. బస్సులో ఎనిమిది గంటలు నిలబడిన కాళ్ళతోనే ఆమె పరిగెత్తింది. జోడుగుళ్ళపాలెం దాకా, సాగర్‌నగర్ దాకా, రుషికొండ దాకా. కొన్నాళ్ళు ఏడుస్తూ, కొన్నాళ్ళు ఎవర్నో తిడుతూ. ఎవర్నో ఏమిటి, ఆ ఓడ యజమానిని. ఇద్దరి ఫోనుల్లోనూ ఇప్పుడు వేరే మాటల్లేవు. పిక్క పట్టేసిందంటే ఉప్పు నీళ్ళు తాగమనేవాడు, అడుగు చిన్నది వెయ్యమనేవాడు. 'ఎప్పుడొస్తావు' అని ఆమె అడగడం మానేసింది. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నన్ను పిడికిట్లో బిగించేది. ఆమె అరచేతి వేడి నాకు తెలుసు. ఎన్నిసార్లు బిగించిందో మాత్రం లెక్క చెప్పలేను.

పందెం నాడు తెల్లారి ఐదింటికి జనం మధ్య నిలబడి, నాకు నిండా కీ ఇచ్చి, 'రైట్ రైట్' అని తనకు తానే చెప్పుకుని నన్ను నొక్కింది. అక్కడ అతనికి అప్పుడు మూడున్నర. ఓడ గడియారం చూసి మొదలుపెట్టి ఉండాలి. ఉండాలి అనుకోవడం తప్ప చేసేదేముంది? పరుగు అయ్యాక అతనే ఫోను చెయ్యాలని మాట.

ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్ళి వెనక్కి రావడం. నాలుగు పిక్కల దాకా హాయిగా సాగింది. ఎనిమిదో పిక్కకి పిక్క పట్టేసింది, అది కాలిపిక్క. కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి సముద్రం వైపు చూసింది. బయట ఓడలు నిలబడి ఉన్నాయి. అడుగు చిన్నది చేసి మళ్ళీ కదిలింది. పదకొండు పిక్కలు జేబు మారి, పైన పదకొండు నిమిషాలయ్యేసరికి గీత దాటింది. మెడలో పతకం వేశారు, చేతిలో అరటిపండు పెట్టారు.

"మేడమ్, వాచీ ఆపలేదు!" అన్నాడు అక్కడున్న వాలంటీరు.

"ఇంకా అవలేదు బాబూ," అంది.

గట్టుమీద కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. నేను తిరుగుతూనే ఉన్నాను. పన్నెండో పిక్క కూడా జేబు మారింది. ఇక పిక్కల్లేవు, ఫోనూ లేదు. ఆమె చూపు నా ముళ్ళ మీద లేదు, నీళ్ళమీద ఉంది. కమ్మీ దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది. నాకు భయం వేసింది. టక్ టక్ అనడం తప్ప నాకు మరేమీ చేతకాదు కదా, అదే కాస్త గట్టిగా అన్నాననుకున్నాను.

గౌరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది. కొంగుముడి విప్పి గుప్పెడు చింతపిక్కలు కోడలి ఒళ్ళో పోసింది.

"ఇంకో గుప్పెడు తెచ్చినాను. ఆడు నిదానం మడిసే. నా కడుపులోంచి రాడానికే రెండ్రోజులు ఎట్టినాడు. సూడు, వొస్తాడు."

పదమూడో పిక్క. ఆపైన ఐదు నిమిషాలకి ఫోను మోగింది.

"రత్తా..." ఊపిరి, గాలి హోరు, మళ్ళీ ఊపిరి. "మద్దెలో వాంతయింది. పడిపోనాను. లేసినాను. ఇంకా ఏడు నట్లున్నాయే. నా వల్ల కాదేమో. నీదైపోనాదా?"

ఆమె మెడలో పతకం ఉంది. ఆమె దాన్ని చూడలేదు. నన్ను చూసింది.

"లేదు బావా. నాకూ ఇంకా ఉంది. పద."

లేచి నిలబడింది. చెవి దగ్గర ఫోను, మెడలో నేను. ఊడిన గోళ్ళతో, పట్టేసిన కాళ్ళతో బీచిరోడ్డు మీద మళ్ళీ నడక మొదలుపెట్టింది. అక్కడ చుట్టు పూర్తయినప్పుడల్లా నట్టు డబ్బాలో పడిన ఠంగుమనే చప్పుడు ఫోనులో వినిపించేది. ఒకరి ఊపిరి ఒకరు వింటూ నడిచారు. ఓడ తోక ఆ అరగంటా ఒడ్డువైపే ఉండిపోయింది. నడుమ పద్నాలుగో పిక్క జేబు మారింది. ఏడో నట్టు పడగానే ఆమె తన బస్సుని ఆపినట్టే "ఓల్డాన్!" అని అరిచి నన్ను నొక్కింది. రోడ్డుమీద జనం ఉలిక్కిపడి చూశారు. ఇద్దరూ ఏడ్చారు. ఆమె ఇక్కడ నిలబడే ఏడ్చింది, అతను అక్కడ ఇనప నేలమీద పడుకుని.

కాస్త తేరుకున్నాక అతనన్నాడు: "దాన్ని సున్నా సేసీకే. అలాగే ఉంచు. నానొచ్చి నొక్కుతాను."

అందుకే కిటికీలో ఇలా ఉన్నాను. నా మొహం చూసినవాళ్ళకి తొమ్మిది నిమిషాల మూడు సెకన్లే కనిపిస్తుంది. మిగతా ఏడు గంటలు పక్కనున్న స్టీలు డబ్బాలో పద్నాలుగు పిక్కలుగా ఉన్నాయి. ఐదు గంటల నలభైఒక్క నిమిషాలని పందెంవాళ్ళు అచ్చువేసిచ్చిన కాగితం చీరల అడుగున ఉంది. అది ఎల్లాజీకి తెలియదు. మీరూ చెప్పకండి.

మొన్న నన్ను వాచీలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళింది. అతను భూతద్దం కంటికి బిగించుకుని బొత్తాం మీద వేలు పెట్టబోయాడు.

"అది ముట్టుకోకు!" అని నన్ను లాక్కుంది.

"నొక్కకుండా శుభ్రం ఎలా చేస్తానమ్మా? ఇలా కదలకుండా ఉంచితే లోపల నూనె గడ్డకట్టేస్తుంది. తర్వాత నొక్కినా పనిచెయ్యకపోవచ్చు."

ఆమె నన్ను మళ్ళీ సంచిలో వేసుకుని బస్సెక్కేసింది.

అతను చెప్పింది నిజమే. నూనె చిక్కబడటం నాకు తెలుస్తూనే ఉంది. ఓడ తగాదా కోర్టులో ఉందట, వచ్చే నెల అంటారు, ఆపై నెల అంటారు. ఎల్లాజీ రోజూ ఓడ చుట్టూ పరిగెత్తుతూనే ఉన్నాడు, వచ్చే పందేనికి ఆమె కూడా. ఇప్పుడు చేతికి వేరే గడియారం కట్టుకుంటోంది, అంకెలు మెరిసే రకం. నాకు కోపం లేదు. తెల్లారగట్ల బయల్దేరే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, నా బొత్తాం మీద బొటనవేలు ఆన్చి, నొక్కకుండా తీసేస్తుంది. ఆమె గోరు నున్నగా ఉంటుంది. నాకు కావలసింది చీలిన గోరు, వంకర గోరు. అది ఒక్కసారి ఆనితే చాలు, ఆ ఏడు గంటలూ, ఏడు నట్లూ, గట్టుమీద ఆమె చూసిన చూపూ అన్నీ మరిచిపోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.