కుప్పయ్య మందు, గురవమ్మ ఒక్కపొద్దులు

సత్యవేడు చుట్టుపక్కల ఎవరికి కళ్ళు పచ్చబడినా ఆదివారం పొద్దున్నే కుప్పయ్య వాకిట్లో వచ్చి కూర్చునేవాళ్ళు. పరగడుపున రావాలి. ఏడు రోజులు ఉప్పూ నూనే ముట్టకూడదు. మందుకు ప్రతిఫలం ఇవ్వకూడదు. కుప్పయ్య తెల్లవారకముందే చేనుగట్టున ఆకు కోసుకొచ్చి, తలుపు గడియ పెట్టుకుని నూరి, చిన్న ఉండ చేసి మేకపాలలో కలిపి తాగించేవాడు. ఆకు పేరు బయటికి పొక్కితే మందు విరిగిపోతుందని వాళ్ళ నాయన పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకుని మరీ చెప్పాడు.

తేరుకున్నవాళ్ళు తిరిగొచ్చి దండం పెట్టేవాళ్ళు. అది మందు గొప్పా, పత్యం గొప్పా, పనిపాటలు మాని పడుకోవడం గొప్పా అని ఎవరూ తర్కించలేదు. ఇరవై అయిదేళ్ళుగా ఇదే చూస్తున్నా, పసుపు పూసినట్టున్న కళ్ళు తెల్లబడి ఎదురొచ్చిన ప్రతిసారీ కుప్పయ్య ఒళ్ళు జలదరించేది. కాళ్ళ కింద తొక్కేసుకుంటూ పోయే మొక్కలో దేవుడు ఇంత శక్తి పెట్టాడే అని నోరు తెరుచుకుని ఆలోచించేవాడు. అతను మేపే మేకలు తప్పించుకుపోయేది కూడా అప్పుడే.

భార్య గురవమ్మ భక్తి చూసినా అతనికి అంతే అబ్బురం. ఏడుకొండలవాడికి శనివారం ఒక్కపొద్దు ఊళ్ళో చాలామంది ఉంటారు. గురవమ్మ వారానికి మూడు ఒక్కపొద్దులుండేది. మిగతా రోజుల్లోనూ సంగటి, నీళ్ళ మజ్జిగ, అంతే. పెళ్ళిలో వడ పెట్టినా పక్కకు జరిపేది. చెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి వైపు కన్నెత్తి చూసేది కాదు. "మీ ఇంట్లో మహాతల్లి ఉండాదప్పా" అని ఎవరన్నా అంటే కుప్పయ్య మీసంలో నవ్వుకునేవాడు.

ఎనభై మూడులో, చెనక్కాయ పెరికే రోజుల్లో ఆ మహాతల్లి కళ్ళే పచ్చబడ్డాయి.

కుప్పయ్య బెదరలేదు. ఇంట్లోనే మందుండగా బెదురెందుకు? మూడు రోజులు తాగించాడు. పచ్చదనం తగ్గకపోగా ముదిరింది. ఒళ్ళంతా దురద. నాలుగోనాడు పొద్దున పెరట్లోంచి వస్తూ గురవమ్మ కుడి డొక్క అదిమిపట్టుకుని గోడకు వాలిపోయింది.

"ఏమ్మే, ఏమైంది? దొడ్డికి ఎట్లా పోతావుండాది?"

ఆమె తల తిప్పుకుంది. గట్టిగా అడిగితే గానీ నోరు విప్పలేదు.

"సున్నం మాదిరి తెల్లగా పోతాండాది మామా."

ఆకుతో పాటు నాయన ఇంకో మాట కూడా చెప్పిపోయాడు. "దొడ్డికి తెల్లగా పోతే లోపల దోవ మూసుకోనుండాదని అర్థం. ఆడ మన ఆకుకు పని లేదు రా, మనిషిని నిలబెట్టుకోవాలంటే పెద్దాసుపత్రికి పరిగెత్తు." ఇన్నేళ్ళలో ఆ మాట అవసరం పడలేదు.

వెంటనే తిరుపతి బస్సెక్కించాడు. కామెర్లకు మందిచ్చే కుప్పయ్య పెండ్లాన్ని ఆసుపత్రికి తీసుకుపోతున్నాడని బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. గురవమ్మ కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. "దిగిపోదాం మామా, ఇంకో రెండు దినాలు సూద్దాం" అని నాగలాపురం దాకా బతిమాలుతూనే ఉంది. కుప్పయ్య వినలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ పేరు జ్ఞానాంబ. పరీక్షలన్నీ చేసి దాపరికం లేకుండా చెప్పింది.

"పిత్తాశయంలో రాళ్ళున్నాయప్పా. ఒకటి జారి గొట్టానికి అడ్డం పడింది. పిత్తం పేగులోకి దిగక రక్తంలో కలుస్తా ఉంది. కోసి తీయకపోతే బతకదు. తీసినా ఇంత ముదిరిన కామెర్లతో గట్టెక్కుతుందని నేను మాటివ్వలేను. ఇంతవరకూ ఏం మందిచ్చినారో చెప్పండి."

కుప్పయ్య అటూ ఇటూ చూశాడు. చుట్టూ నర్సులు, ఎవరెవరి బంధువులో. దగ్గరికి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, డాక్టరమ్మ చెవిలో ఆకు పేరు చెప్పాడు. ఆమె నవ్వలేదు. కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళింది.

నాలుగు గంటలు కుప్పయ్య మెట్ల మీదే కూర్చున్నాడు. తర్వాత నర్సు పిలిచింది. డాక్టరమ్మ అలిసిపోయి గుమ్మంలో నిలబడి ఉంది.

"బతికింది. ఇదిగో, చూడు."

స్టీలు పళ్ళెంలో గాజుగుడ్డ మీద నలభై ఒక్క రాళ్ళు. ఒక్కటీ గరుగ్గా లేదు. చింతగింజల్లాగా నున్నగా మెరుస్తున్నాయి. ఒకదానికొకటి ఒరుసుకుని పలకలు తేలాయి. ఏ శిల్పి ముట్టుకున్నాడని వీటిని? ఉలి లేదు, సుత్తి లేదు, వెలుతురన్నదే లేదు. రక్తమాంసాల మధ్య చీకట్లో ఇంత పనితనం జరిగింది. కుప్పయ్య చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఇవి ఇంతగా పెరగడానికి పదైదేండ్లు పట్టుంటుంది. నొప్పి తరచుగా వచ్చేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నొప్పా? యానాడూ లేదమ్మా."

"లేకుండా ఎట్లుంటుందప్పా? కాన్పు నొప్పికి తీసిపోదు ఇది. నూనె పదార్థాలు తినేదా?"

"నూనె ముట్టదమ్మా. వారానికి మూడు ఒక్కపొద్దులు..."

అంటూనే ఆగిపోయాడు. డాక్టరమ్మ అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "నూనె తింటే నొప్పి లేస్తుందని తనకు తానే కనిపెట్టుకుని ఉంటుంది. ఆ పత్యంతోనే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది. రాళ్ళు మాత్రం పత్యానికి కరగవు."

అది భక్తి కాదు. నడుం పట్టేసిందంటూ వేయించిన తవుడు మూటతో ఆమె అప్పుడప్పుడూ కాపడం పెట్టుకున్నది నడుముకూ కాదు. వాకిట్లో తను పదిమందికి కళ్ళు చూసి మందిస్తున్న ఆదివారాల్లో, గోడకు అటుపక్క ఆమె పళ్ళు బిగబట్టుకుని పడి ఉంది. ఆ ఓర్పు ముందు ఆ రాళ్ళు కూడా కుప్పయ్యకు చిన్నవిగా కనబడ్డాయి. అతనికి భయం వేసింది. ఇంత మనిషితోనా తను ఇన్నేళ్ళు కాపురం చేసింది!

కుట్లు విప్పిన రోజున అడిగాడు. "ఎందుకు చెప్పలేదు మే?"

గురవమ్మ పైకప్పు కేసి చూస్తూ చెప్పింది. "చెప్పుంటే నువ్వు ఆకు నూరుంటావు. నాకు కుదిరుండదు. కుప్పయ్య మందు పెండ్లానికే కుదర్లేదంటే మల్లీ నీ వాకిట్లోకి ఎవరొస్తారు మామా? వాళ్ళు రాకపోతే నువ్వు మనిషిగా ఉంటావా?"

ఇంటికొచ్చిన రెండో ఆదివారం వాకిలి నిండింది. వరసలో ముందున్నది ఎల్లప్ప అనే కూలివాడు. కుప్పయ్య కనురెప్ప లాగి చూశాడు. ఉండ చేతికివ్వకుండా, ఎన్నడూ లేనిది, దొడ్డికి ఏ రంగులో పోతోందని అడిగాడు. నొప్పి యాడ అని అడిగాడు. తెల్లగా అంటూ ఎల్లప్ప కుడి డొక్క చూపించాడు.

కుప్పయ్య లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడేటట్టు గొంతెత్తాడు.

"ఎల్లప్పా, నీది నా మందుకు లొంగేది కాదు. ఈ పొద్దే తిరుపతికి పో. నా పెండ్లానికి ఇదే వస్తే నా ఆకు పనిచేయలేదు. కోసి తీసినారు. పదైదేండ్లు నా మందు పరువు కోసం ఆయమ్మ నొప్పి దాచిపెట్టుకునింది. మీరు దాచొద్దండి. ఇది విన్నాక పొయ్యేవాళ్ళు పోవచ్చు, నేనేమీ అనుకోను."

తలుపు వెనక గురవమ్మ కళ్ళు మూసుకుంది. ఎల్లప్ప దండం పెట్టి బస్సుకని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనకనున్న ముసలమ్మ ఒకతె, "సరే, నన్ను కూడా అడుగప్పా, నాది ఏ రకమో" అంటూ ముందుకు జరిగింది. ఆమె వెనక ఇంకొకరు జరిగారు. వరస విడిచి ఒక్కరూ పోలేదు.

లోపల్నుంచి పెద్దపెట్టున ఏడుపు వినిపించింది. కోతకు ఏడవని మనిషి, పదిహేనేళ్ళు ఏడవని మనిషి. కుప్పయ్య మందు గిన్నె వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

"ఏమ్మే? మల్లీ నొప్పా?"

"నొప్పి కాదు" అంది గురవమ్మ, వాకిట్లోని జనాన్ని చూస్తూ, ఏడుపు ఆపుకోలేక. "నొప్పి కాదు మామా. నువ్వు పో, వాళ్ళు కాచుకోనుండారు."