పొలుసులోంచి ఇనుము

తవిటయ్య చీపురు పట్టుకుని ఆవిరి సుత్తి కిందికి వంగేసరికి రాలిన పొలుసు ఇంకా వెచ్చగానే ఉంది. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను సుత్తి మోదినప్పుడల్లా దాని ఒంటి మీది నల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతుంది. రైల్వే వర్క్‌షాపు వాళ్ళు దాన్నే పొలుసంటారు. కొట్టేవాడికి పేరొస్తుంది, ఊడ్చేవాడికి దగ్గొస్తుంది.

శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మేనమామ వెంట రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు తవిటయ్యకు మీసం కూడా సరిగా రాలేదు. ఇప్పుడా మీసం నెరిసింది. నిప్పురవ్వలు పడి పడి కనుబొమ్మలు అక్కడో వెంట్రుక ఇక్కడో వెంట్రుకగా మిగిలాయి. అరచేతులు సబ్బుతో కడిగితే నల్లగానూ, కడక్కపోతే ఇంకా నల్లగానూ ఉండేవి. ప్రమోషన్ రాలేదు. ఆయన అడగనూ లేదు. ఊడ్చిన పొలుసునంతా వెనక గోతిలో పోసి, టీ తాగి, మళ్ళీ వచ్చి ఊడ్చేవాడు.

ఆ రోజు మాత్రం ఆయన ఊడ్చే తీరే వేరు. పెచ్చు ఒక్కటి కూడా పోకుండా, బియ్యం ఏరుకున్నట్టు ఏరుతున్నాడు. కారణం సుందర్ రాజు. వర్క్‌షాపు లేబరేటరీలో కొత్తగా చేరిన కెమిస్టు, ఖరగ్‌పూర్‌లోనే పుట్టిన తెలుగు క్రైస్తవుల కుర్రాడు. కిందటి వారం వచ్చి, ఈ పొలుసును ఎర్రబడేదాకా కాల్చి, అల్యూమినియం పొడి కలిపి నిప్పంటిస్తే మళ్ళీ ఇనుమవుతుందనీ, అది కుదిరితే ఆ ఇనుముతో రైలు పట్టాలే అతికించొచ్చనీ చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచి తవిటయ్యకు అన్నం సయించడం లేదు. ఇన్నేళ్ళు గోతిలో పోసిందంతా ఇనుమా! పొలుసును చాకలి సోడా నీళ్ళతో కడిగాడు, జల్లించాడు, కొలిమిలో స్వయంగా కాల్చాడు. కాలిన పొలుసు కుంకుడుకాయ రంగు తిరిగింది.

మధ్యాహ్నం కమ్మరి షాపు వెనక పరీక్ష. పొలుసు మూడుకి అల్యూమినియం పొడి ఒకటి చొప్పున కలిపి ఉంచమని చెప్పి, ఫోర్‌మన్ పిలిస్తే సుందర్ రాజు అటు పరిగెత్తాడు. తవిటయ్య ఉత్సాహంగా కలిపేశాడు. సుందర్ రాజు తిరిగొచ్చి దాన్ని మట్టి మూసలో పోసి, మెగ్నీషియం రిబ్బను గుచ్చి అంటించాడు. అంతా చుట్టూ మూగారు. మూస బుస్సుమంది, పొగ కక్కింది, అంతే. అడుగున నల్లటి మాడు మిగిలింది.

బెంగాలీ ఫోర్‌మన్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఫేలే దావ్, సబ్ ఫేలే దావ్!" అన్నాడు. మిగిలిన పొలుసంతా గోతిలో పారేయమని.

"పొలుసులోనే మురికేదో ఉండిపోనాది కాబోలు," అన్నాడు సుందర్ రాజు నీరసంగా.

తవిటయ్యకు ఒళ్ళు మండిపోయింది. తన పొలుసులో మురికా? తన్ను తిట్టినా పడేవాడే గానీ ఈ మాట పడలేకపోయాడు. మాడు వంకా, పక్కనున్న డబ్బాల వంకా మార్చి మార్చి చూశాడు. పొలుసు డబ్బా రెండు చేతులా లేపితే తప్ప లేవలేదు. అంతే పెద్దదైన అల్యూమినియం పొడి డబ్బాను వేలికి తగిలించుకుని తెచ్చాడు. అంటే తేడా తన కొలతలోనే వచ్చింది. నోరు మూసుకుంటే నెపం పొలుసు మీదకే పోతుంది. విప్పితే తన మీదకొస్తుంది.

"బాబూ, నువ్వు మూడుకొకటి అన్నావు. నాను డబ్బాల్తో కొలిసినాను. మన కమ్మరి షాపుల ఇసకైనా, మట్టైనా, బొగ్గైనా డబ్బా కొలతే గదా!"

సుందర్ రాజు నుదురు కొట్టుకుని పకపకా నవ్వాడు. "తూకమని సెప్పకపోడం నా తప్పు బాబాయ్!" వెంటనే ఫోర్‌మన్‌ను బతిమాలి, సైరన్ మోగేలోగా ఇంకొక్కసారికి ఒప్పించి, లేబరేటరీ నుంచి త్రాసు మోయించుకొచ్చాడు.

"స్టోరుల రివిట్లు లెక్కెట్టి ఇస్తారేటి బాబాయ్?"

"ఏల లెక్కెడతారు? తూకమేసి ఇస్తారు."

"ఇదీ అంతే. ఒక పొలుసు రేణువుకి రెండు అల్యూమినియం రేణువులు కావాల. అవి కంటికి ఆనవు, లెక్కెట్టలేం. నూట అరవై గ్రాముల పొలుసుల ఎన్నుంటాయో, ఇరవై యేడు గ్రాముల అల్యూమినియంల కూడా సరిగ్గా అన్నే ఉంటాయి. అన్నింటిని కలిపి ఒక మోల్ అంటారు."

"రెండేసి కావాలంటివి గదా! అయితే యాభై నాలుగు ఎయ్యాల!" తవిటయ్య దాదాపు అరిచాడు.

"సెబాసు! పదింతలు ఏద్దాం. పొలుసు పదహారు వందల గ్రాములు, అల్యూమినియం ఐదు వందల నలభై. అంతా సరిగ్గా కుదిరితే ఇనుము పదకొండు వందల ఇరవై వస్తాది. మిగిలింది అల్యూమినియం చిట్టెం, తెట్టులాగ పైకి తేల్తాది."

"మరేటీ పోదా?"

"ఏటీ పోదు. ఏసిందంతా ఉంటాది, సోటు మారుతాది అంతే."

తవిటయ్య తూచి, కలిపి, మూసలో పోశాడు. ఈసారి అంటించగానే తెల్లటి వెలుగు భగ్గుమని లేచింది. అందరూ మోచేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి దూకారు. మూస హోరెత్తింది, కుతకుతలాడింది, అడుగు రంధ్రం నుంచి ఇనుము నిప్పుల ధారగా ఇసుక అచ్చులోకి దిగింది. నీళ్ళలా! తను ఊడ్చిన చెత్త!

"ఇనుమొచ్చినాది! ఓలమ్మా, ఇనుమొచ్చినాది!" అని తవిటయ్య గంతులేశాడు. దగ్గు తెర వచ్చి వంగిపోయాడు, వంగే నవ్వాడు. ఫోర్‌మన్ తన బీడీ కట్ట ఆయన ముందుకు చాచాడు.

సైరన్ మోగింది. ముద్ద ఇంకా ఎర్రగా ఉంది, తూచడానికి లేదు.

"రేపు తూస్తాం గదా? నానొచ్చీదాకా ఎయ్యకు బాబూ."

"నువ్వు రాందే ఏస్తానేటి బాబాయ్!"

ఇన్నాళ్ళూ ఎవరేం పని అనడిగినా తవిటయ్య "సుత్తి కాడ" అని దాటేసేవాడు. ఆ సాయంత్రం తను ఉండే పూరీ గేట్ క్వార్టర్ల వరస పొడుగునా, ఎవరూ అడక్కుండానే, "ఊడస్తాను. నానూడ్సిందే ఇనుమైనాది" అని చెప్పుకుంటూ నడిచాడు. భార్య చిట్టెమ్మ అన్నం పెడితే, కంచంలో మెతుకు ఒకటీ, పక్కన పప్పు బద్దలు రెండూ పెట్టి చూపించాడు.

"ముందల తినయ్యా, సల్లారిపోతంది," అంది చిట్టెమ్మ. కానీ ఆయన ముఖం చూసి తనూ నవ్వింది. ఇంత మాట్లాడే మనిషని ఆమెకు అన్నేళ్ళ కాపురంలో తెలియదు. గుండెల్లో ఏదో పట్టేసినట్టుందంటూనే, పెందలాడే లేపమని చెప్పి పడుకున్నాడు.

తెల్లారి చిట్టెమ్మ టీ గ్లాసుతో వచ్చి పిలిచింది. భుజం పట్టి కదిపింది. తవిటయ్య నిద్రలోనే పోయాడు.

ఆ సంగతి తెలియక సుందర్ రాజు లేబరేటరీలో, ఇసుక దులిపి తుడిచిన ముద్దను త్రాసు పళ్ళెంలో పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. కబురు కమ్మరి షాపు మీదుగా వచ్చింది. అతను ఏడుస్తూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చి అందరితో పాటు పూరీ గేట్ వైపు నడిచాడు.

ఖాళీ గదిలో, కిందికి వాలిన పళ్ళెంలో ఇనుప ముద్ద ఉంది. అవతలి పళ్ళెంలో ఇంకా ఎవరూ తూకం రాయి వేయలేదు.