దానమ్మ నుదురు

మా ఆయనకి బొమ్మలు వెయ్యడం వచ్చని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. మాట నిలబెట్టుకోవడం రాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా నాన్న ఆ సంబంధం వదులుకునేవాడని కాదు. నేను లక్ష్మణమ్మకి మాటిచ్చేదాన్ని కాదు, అంతే.

ఆయన పేరు నరసింగరావు. శ్రీకాకుళంలో డ్రాయింగు మాస్టారు. మద్రాసు వెళ్ళి చదువుకొచ్చాక ఆయన బొమ్మల్లో మనుషులకి ముక్కూ మొహం లేకుండా పోయాయి. ఆయన చెట్టంటే చెట్టనుకోవాలి, ఆవంటే ఆవనుకోవాలి. మా మావగారు ఒకసారి చూసి, "పొలమమ్మి సదివిస్తే రంగులొలకబొయ్యడం నేర్సుకొచ్చినాడు" అన్నారు. నేను మాత్రం ఎప్పుడూ ఆయన పక్షమే. నాకు తెలియనిదాన్ని తప్పు పట్టడం నాకు అలవాటు లేదు.

కళింగపట్నానికి ఓడలు రావడం మానేశాక అక్కడి పాత పోర్టు బంగళా గబ్బిలాల పాలయింది. దొరల కాలంలో కట్టినది. గోడలు మాత్రం ఉప్పుగాలికి కూడా చెక్కు చెదరలేదు. అరవై ఏడులో ఆయన ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఆ బంగళా సంపాదించారు. కొత్తరకం బొమ్మలకి అక్కడ మ్యూజియం పెడతానన్నారు. పెంకులు మార్పించి, గోడలకి సున్నం వేయించి, వెనక గదుల్లో మేం కాపురం పెట్టాం. పల్లెవాళ్ళు దానికి బొమ్మల బంగళా అని పేరు పెట్టేశారు.

లక్ష్మణమ్మ చేపల గంపతో మా పెరటి గుమ్మంలోకి వచ్చేది. వెనకాలే చిన్న గంపతో ఆమె కూతురు దానమ్మ. పదకొండేళ్ళ పిల్ల. తల్లి నాతో బేరమాడుతుంటే ఇది తిన్నగా వరండాలోకి పోయి ఆయన పక్కన గొంతుక్కూర్చునేది.

"ఇదేటి బావూ?"

"తెప్ప."

"అలాగ నేదే."

ఆయన పకపకా నవ్వేవారు. "ఈ పిల్ల మొహంలో ఉన్న కళ ఎక్కడా చూడలేదు నీలా" అనేవారు నాతో. ఆ మాట అప్పుడు మనసులోంచే అన్నారని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఏడు వానల్లో దానమ్మకి జ్వరం తగిలింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే దారిలో పోయింది.

పెళ్ళికాని పిల్ల పోతే వాళ్ళ ఇళ్ళలో పేరంటాలుగా నిలిపి ఇంటిదేవతలా కొలుచుకుంటారు. శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి పలకరించుకుంటారు. ఫొటో లేనివాళ్ళు గోడ మీద పసుపు అలికి దానికే పెడతారు. లక్ష్మణమ్మకి ఫొటో ఉంది. శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు, విమానం బొమ్మ గీసిన గుడ్డ వెనక కట్టి ఫొటోలు తీసేవాడి దగ్గర తీయించింది. ఉన్నది అదొక్కటే. రేకు పెట్టెలో దాచుకుని, ప్రతి శుక్రవారం తీసి, ఆ నుదుటి మీద కుంకం పెట్టేది.

"దాని మొకం మరుపొచ్చేస్తన్నాదమ్మా" అని నా దగ్గర ఒకరోజు కూలబడింది. "కళ్ళు మూస్తే దాని సెల్లి మొకం వస్తన్నాది. ఫొటో సూసుకుంటే గాని ఇది గురుతుకి రాదు. కన్నతల్లిని, నాకిలాగైపోనాదేటి?"

ఆమెని ఓదార్చి పంపించాను. నాకు అన్నం సయించలేదు. ఆ మాట మా ఆయనకి చెప్పాను. మర్నాడు లక్ష్మణమ్మ గంప దించగానే ఆయనే పెరట్లోకి వచ్చారు.

"లక్ష్మణమ్మా, ఆ ఫొటో నాకియ్యి. దానమ్మ బొమ్మ పెద్దది వేసి మ్యూజియంలో పెడతాను. ఫొటో ఎన్నాళ్ళుంటుంది? బొమ్మ ఉండిపోతుంది. నువ్వెప్పుడొచ్చినా చూసుకోవచ్చు."

లక్ష్మణమ్మ ఆయన వంక చూడలేదు, నా వంక చూసింది.

"నువ్వు సెప్పు నీలవేణమ్మా. ఇచ్చీమంటావేటి?"

"ఇయ్యి. పోతే నన్నడుగు" అన్నాను.

కట్టుకున్నవాణ్ణి నమ్మక ఎవర్ని నమ్ముతాం? ఆమె తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి, పసిపిల్లని అందించినట్టు రెండు చేతులతో ఆయనకి ఇచ్చింది.

ఆ తర్వాత ఆయన బొమ్మల గదికి తాళం పడింది. బొమ్మ పూర్తయ్యేదాకా నాక్కూడా చూపించనన్నారు. లక్ష్మణమ్మ వచ్చినప్పుడల్లా "అయిందేటమ్మా?" అనేది. శుక్రవారాలు ఖాళీ పెట్టెకే బొట్టు పెడుతున్నానని చెప్పింది. ఆ మాట విన్నాక నేనుండబట్టలేక ఆయన్ని అడిగాను, ఫొటో అయినా తిరిగి ఇచ్చెయ్యమని.

"భద్రంగా ఉంది. కంగారెందుకు?" అన్నారు, నా కళ్ళలోకి చూసి మరీ.

అరవై తొమ్మిది మొదట్లో మ్యూజియం తెరిచారు. విజయనగరం నుంచీ విశాఖపట్నం నుంచీ ఇస్త్రీ చొక్కాల పెద్దలు వచ్చారు. పల్లె నుంచి లక్ష్మణమ్మ, మొగుడు నూకయ్య, చుట్టాలు పేరంటానికి వచ్చినట్టే వచ్చారు. తలంటు పోసుకుని, కొత్త కోక కట్టుకుని, లక్ష్మణమ్మ పళ్ళెంలో పసుపు, కుంకం, గాజులు, పువ్వులు పట్టుకొచ్చింది. పెద్దలు ఆ పళ్ళెం చూసి ఏదో పూజ ఉంది కాబోలని పక్కకి తప్పుకున్నారు.

ఆమె గోడ వెంబడి ఒక్కో బొమ్మ ముందూ ఆగి కూతురి కోసం వెతికింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మా పిల్లేదీ బావూ?"

ఆయన ఆమెని నట్టింటి గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ మంచమంత బొమ్మ ఉంది. అంతా నీలం, బూడిదరంగు. కింద కాగితం మీద 'సంఖ్య ఏడు' అని రాసి ఉంది. నీలం మధ్య అక్కడక్కడ ఏవో చిన్న చిన్న అట్టముక్కలు అతికించి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక ముక్క మీద విమానం రెక్క ఉంది. ఇంకో ముక్క మీద చెవి, చెవికి కమ్మ.

"ఫొటో కోసేశారా?" అన్నాను.

ఆయన, వచ్చిన పెద్దలకి వినబడేలా, లక్ష్మణమ్మకి చెప్పారు. "మనిషి పోయాక జ్ఞాపకం ముక్కలైపోతుంది కదా లక్ష్మణమ్మా. తల్లికైనా మొహం గుర్తుండదు. ఆ బాధే వేశాను ఇందులో."

పెద్దల్లో ఒకాయన తల పంకించాడు. అది లక్ష్మణమ్మ నా దగ్గర కూలబడి ఏడ్చిన ఏడుపు. నేను నా మొగుడన్న నమ్మకంతో చెప్పిన మాట. దాన్ని తీసుకొచ్చి పదిమందిలో గోడకి తగిలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లక్ష్మణమ్మకి ఆ మాటలేవీ ఎక్కినట్టు లేదు. అట్టముక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూస్తోంది. చెవి దొరికింది. గెడ్డం దొరికింది. ఒక కన్ను దొరికింది. కుంకం చిటికెలో పట్టుకుని పైకీ కిందకీ వెతికింది.

"నుదురేదీ బావూ?"

ఆయన పెద్దల వైపు చూశారు.

"బొట్టు పెట్టాల. నుదురేదీ?"

"ఆ ముక్క నిండా కుంకం మరకలు లక్ష్మణమ్మా. పాడైపోయింది. పనికిరాక పారేశాను."

తాళం వేసుకున్న ఆ బొమ్మల గదిలోంచి గుమ్మంలోకి ఆయన తోసిన చెత్త రోజూ ఊడ్చి సముద్రం వైపు పారబోసింది నేనే. ఆయనకి ఆ సంగతి తెలుసు.

నూకయ్య పెళ్ళాం భుజం పట్టుకుని "పోదాం రాయే" అన్నాడు. ఆమె కదల్లేదు. పేరంటాలికి తెచ్చిన బొట్టు వెనక్కి తీసుకెళ్ళకూడదు. అంతమందిలో ఒకసారి నాలుగువైపులా చూసింది. బొమ్మ పక్కన ఖాళీ గోడ ఉంది. కూతురు నిలబడితే ఎంతుండేదో అంత ఎత్తున, తన భుజానికి సరిగ్గా, గోడ మీద చెయ్యి పెట్టి కొలుచుకుంది. తడిపసుపు అక్కడ రాసింది. సున్నం గోడ కదా, రాసిన పసుపు రాసినట్టే ఎర్రబారింది. దాని మీద కుంకం పెట్టింది. గాజులూ పువ్వులూ గోడ మొదట్లో నేల మీద ఉంచి దణ్ణం పెట్టుకుంది.

తర్వాత ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"జొరం నన్నడక్కుండా లాక్కుపోనాది బావూ. దాన్నేటీ అనలేను. నువ్వు నా సేతే ఇప్పించుకున్నావు."

ఆయన ఏదో చెప్పబోయారు. ఆమె వినకుండా గుమ్మం వైపు వచ్చింది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. నన్ను దాటి వెళ్ళిపోతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె ఆగింది.

"పోతే నిన్నడగమన్నావు నీలవేణమ్మా. ఏటని అడగమంటావు?"

ఆమె కొంచెంసేపు నా వంక చూసి, ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.