పది పాటల సీడీ

సీడీ డబ్బా నడిమి పళ్లు బాగా బిగుసుకుపోయి ఉన్నాయి. షంషాద్ వాటిని బొటనవేలితో నొక్కి, డిస్కు అంచు పట్టుకుని పైకి లాగింది. టక్‌మని చిన్న చప్పుడైంది. డిస్కు చేతిలోకి వచ్చింది. కానీ నడిమి చిల్లు దగ్గర వెంట్రుకంత సన్నని గీత ఒకటి వెండిరంగు వైపుకి పాకి ఉంది.

ఇందాక ఆ గీత లేదు.

ఆమె తలెత్తి చూసింది. డిస్కు తెచ్చిన పరదేశి షాపు గుమ్మంలో నిలబడి, గోడకి ఆనించిన సైకిలుని సరిచేసుకుంటున్నాడు. చప్పుడు అతనికి వినపడలేదు. షంషాద్ డిస్కుని గబుక్కున కాగితం కవరులో పెట్టేసింది.

చోడవరం బస్టాండు ఎదుటి సందులో ఆమెది చిన్న కంప్యూటర్ షాపు. శుభలేఖలు టైపు చేసి ఇస్తుంది. ఎవరైనా సీడీ తెస్తే పాటలు కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి క్యాసెట్టు చేసిస్తుంది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆ చుట్టుపక్కల టేప్‌రికార్డరు దాదాపు ప్రతి ఇంట్లో ఉంది గాని, సీడీ ప్లేయరు మాత్రం నూటికొక ఇంట్లో కూడా లేదు.

పరదేశి రోలుగుంట దగ్గర చెరుకు రైతు. వయసు యాభై దాటి ఉంటుంది. వచ్చీరాగానే డిస్కు సంగతంతా చెప్పాడు. అతని తల్లి అప్పలనరసమ్మ ఊడుపు పాటలు పాడేది. రెండేళ్ల కిందట యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ వచ్చి, ఆమె చేత పది పాటలు పాడించి రికార్డు చేసుకుని, తర్వాత ఈ ఒక్క సీడీ పోస్టులో పంపించింది. మొన్న మాఘమాసంలో తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేడమ్‌కి ఉత్తరం రాస్తే, ఆ అడ్రసులో లేరని తిరిగొచ్చేసింది.

"అమ్మ గొంతు ఇంక ఇందులోనే ఉన్నాదమ్మా," అన్నాడు అతను డబ్బా ఇస్తూ. "కేసెట్టు సేసిత్తే మంచం కాడెట్టి ఇనిపిస్తాను."

ఇప్పుడు ఆ గొంతు మీద గీత పడింది. చెప్పేయాలని షంషాద్ నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

"ఒక్క ఫోన్ చేసొస్తాను, కూర్చోండి అన్నయ్యా," అని పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి వెళ్లింది. కవరు చేతిలోనే ఉంది. విశాఖలో ఆమె మేనమామ కొడుకు ముస్తకీమ్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతనికి సంగతంతా చెప్పింది.

"మామూలుగా వేసేవంటే డ్రైవులో ముక్కలైపోద్ది," అన్నాడు. "నీది నలభై స్పీడు డ్రైవు. ముందు సాఫ్ట్‌వేర్‌లో స్పీడు ఒకటికి తగ్గించు. డిస్కు వేసినప్పుడు షిఫ్టు బటను నొక్కి పట్టుకో, దానంతటది ప్లే అవ్వకుండా. గీత మీద పైపక్క చిన్న సెల్లోటేపు ముక్క అంటించు, ఎదురుగా అంతే ముక్క ఇంకొకటి. లేకపోతే తూకం తప్పి ఊగుద్ది."

"అప్పుడు ఆగుద్దా?"

"ఏమో షంషాద్. ఒక పాట రావచ్చు, పదీ రావచ్చు. బస్సులో మా దగ్గరకి పంపించకు. దారిలోనే విరిగిపోద్ది."

ఆమె షాపుకి తిరిగొచ్చింది. టేపు ముక్కలు కత్తిరిస్తుంటే పరదేశి చూశాడు. "అదేటమ్మా?" అని అడిగాడు.

"ఊగకుండా," అంది. అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదని ఆమెకి తెలుసు.

డ్రైవు మూసుకుంది. లోపల డిస్కు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. షిఫ్టు మీద ఉన్న వేలు నొప్పెట్టే దాకా ఆమె తియ్యలేదు. తెర మీద పది పాటల వరస వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్ పత్రికతో పాటు ఊరికే వచ్చిన డిస్కులోది. కొనుక్కున్నది కాదు కాబట్టి దానికొక మెలిక ఉంది. తెరిచిన ప్రతిసారీ సగం పాటలనే, అదీ దానికి నచ్చిన సగాన్నే, తీసుకోనిస్తుంది. మిగతావి బూడిదరంగులో ఉండిపోతాయి. సినిమా పాటల సీడీలకైతే ఆమె నాలుగైదుసార్లు మూసి తెరిచి అన్నీ లాగేసేది, అదొక ఆటలా ఉండేది. ఈ రోజు అది రెండు, నాలుగు, అయిదు, ఎనిమిది, పది ఇచ్చింది. ఒకటి బూడిదరంగులో ఉంది.

డిస్కులో పాటలు లోపలి నుంచి బయటికి ఉంటాయి. మొదటి పాట చిల్లు పక్కనే ఉంటుంది, అంటే గీత ముందు తినేది దాన్నే. మూసి మళ్లీ తెరిస్తే డిస్కు మళ్లీ ఆగి, మళ్లీ ఊపందుకుని తిరగాలి. ఆమెకి ధైర్యం చాలలేదు. రెండో పాట మీద నొక్కింది.

ఒకటో స్పీడులో నాలుగు నిమిషాల పాటకి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆకుపచ్చ గడులు ఒక్కొక్కటే నిండుతున్నాయి. స్పీకర్లో చప్పుడేమీ లేదు. డ్రైవు లోపలి నుంచి మాత్రం తిరిగినప్పుడల్లా సన్నగా టిక్, టిక్ అని వినిపిస్తోంది. అది టేపు ముక్క రాసుకోవడమా, గీత పెరగడమా తెలియదు. షంషాద్ ఊపిరి కూడా ఆ టిక్కులతోనే నడుస్తోంది.

రెండోది వచ్చింది, నాలుగోది వచ్చింది. అయిదోది సగంలో ఉండగా కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. డిస్కు మెల్లగా తిరుగుతూ ఆగిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా వినిపించింది. అప్పుడు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. కరెంటు వచ్చి కంప్యూటర్ లేచేటప్పుడు లోపల డిస్కు ఉంటే, డ్రైవు దాన్ని పూర్తి స్పీడుతో తిప్పి చూస్తుంది. అప్పుడు దాన్ని ఆపే సాఫ్ట్‌వేరు ఏదీ ఉండదు.

గోడ మీది స్విచ్చు ఆపి, కాగితాల క్లిప్పు ఒకటి సాగదీసి డ్రైవు ముందున్న చిన్న రంధ్రంలో గుచ్చింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ట్రే ఊడి బయటికొచ్చింది. గీత గోరంత మేర వెండిరంగు లోపలికి వెళ్లిపోయింది.

పరదేశి ఆమె భుజం పక్కనే నిలబడి ఉన్నాడు.

"అదేటి?" అన్నాడు.

"పగులు, అన్నయ్యా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీరు తెచ్చినప్పుడు లేదు. డబ్బాలోంచి తీసినప్పుడు నేనే విరిచేసేను. అప్పుడే చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు."

అతను డిస్కుని ముట్టుకోలేదు. చేతులు రెండూ లుంగీకి తుడుచుకున్నాడు. ముఖంలో కోపం కోసం షంషాద్ వెతికింది. అక్కడ ఉన్నది భయం, తనకు ఉన్నటువంటిదే. ఆ సంగతి ఆమెని ఇంకా భయపెట్టింది.

"ఎన్నొచ్చేయి?"

"రెండు."

"ఇక్కడితో ఆపెత్తే?"

"డిస్కు ఇలాగే ఉంటాది. పాటలు మాత్రం లోపలే ఉండిపోతాయి. తిప్పితే ఎంతవరకు వస్తాయో తెలీదు."

అతను బయటికి వెళ్లి సందులో కాసేపు నిలబడ్డాడు. బీడీ ముట్టించాడు గాని తాగకుండానే పారేశాడు. లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మొదటిదుంది సూడు, అది ఆకుతీత పాట, నారు పీకేటప్పుడు పాడేది. నా సిన్నప్పట్నుంచీ అమ్మ అదే ముందు ఎత్తుకునేది. అది తియ్యమ్మా. తర్వాత ఎన్నొత్తే అన్ని."

ముప్పావుగంటకి కరెంటొచ్చింది. కంప్యూటర్ పూర్తిగా లేచేదాకా ఆగి, స్పీడు ఒకటని రెండుసార్లు చూసుకుని, షిఫ్టు నొక్కిపట్టి డిస్కు వేసింది. వరస వచ్చింది. ఒకటి, అయిదు, ఏడు, తొమ్మిది, పది.

"ఒకటి ఇచ్చింది అన్నయ్యా!"

అతను తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. తెర చూడలేకపోతున్నాడు. మొదటి పాట గడులు నిండుతూ మధ్యలో రెండుచోట్ల నిలిచిపోయాయి. రెండుసార్లూ షంషాద్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. రెండుసార్లూ అవి మళ్లీ కదిలాయి. టిక్కు చప్పుడు ఇప్పుడు గట్టిగా, దగ్గరగా వినిపిస్తోంది. అయిదోది వచ్చింది. ఏడోది వచ్చింది. తొమ్మిదోది అయ్యేసరికి ఆమె జాకెట్టు వీపున తడిసి అంటుకుపోయింది.

పదోది ఒక నిమిషం నడిచింది. తర్వాత డ్రైవు లోపల టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పరదేశి ఎగిరి లేచి నిలబడ్డాడు. షంషాద్ అరుపు సందు చివరిదాకా వినబడి, పక్క బూత్ అతను పరిగెత్తుకొచ్చాడు. ట్రే సందుల్లోంచి వెండిరంగు ముక్కలు రాలాయి.

ఎంతసేపటికో ఆమె మౌసు మీద చెయ్యి వేసింది. ఆరు ఫైళ్లున్నాయి. మొదటిది తెరిచింది. చిటపటల వెనక నుంచి ఒక ముసలి గొంతు, బొంగురుగా, ఏ తొందరా లేకుండా లేచింది. పరదేశి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఆరు పాటల క్యాసెట్టు పట్టుకుని అతను వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని ఆ రాత్రంతా షంషాద్‌కి అనిపించింది.

పది రోజులకి అతను మళ్లీ వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూడగానే ఆమె టైపు చెయ్యడం ఆపేసింది.

"ఆరూ అయిపోయేక కూడా అమ్మ మిషను కేసి సూస్తానే ఉంటాదమ్మా. మిగతావొస్తాయని. నాను సెప్పలేకపోతన్నాను. నువ్వొచ్చి సెప్తావేటి?"

వస్తానంది. ఆదివారం ఉదయం రోలుగుంట బస్సెక్కింది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది, దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

అప్పలనరసమ్మ వసారాలో నులకమంచం మీద ఉంది. కుడిపక్క పడిపోయింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మంచం పక్కన పీట మీద అచ్చియ్యమ్మ అనే పొరుగింటావిడ కూర్చుని విసనకర్రతో విసురుతోంది. షంషాద్ నేల మీద కూర్చుంది.

"అమ్మా, మిగతా నాలుగు పాటలూ రావు. నా చేతుల్లోనే పగిలిపోయేయి. నాదే తప్పు."

ముసలామె ఆమెని చూసింది. ఆ చూపు కింద షంషాద్ తల ఎత్తలేకపోయింది. విసనకర్ర ఆగింది.

"ఏ పాటలే అవి?" అంది అచ్చియ్యమ్మ. సీడీతో పాటు మేడమ్ రాసి పంపిన కాగితం చూసి పరదేశి చెప్పాడు. ఆవిడ విసనకర్ర కింద పెట్టింది. "మూడోదా? ఈవిడెత్తుకుంటే నాను వంత పాడేదాన్ని కదేటి. వంత వచ్చు నాకు. ముందు మాటలే సరిగా రావు."

ఆవిడ మొదలుపెట్టింది. వంత రాగానే గొంతు నిండుగా వచ్చేది. ఎత్తుకోవాల్సిన చోట ఆగిపోయేది. అలా ఆగిన ప్రతిచోటా అప్పలనరసమ్మ ఎడమచెయ్యి మంచం పట్టె మీద దరువేసింది, ఆ మాటలు పట్టేంత సేపూ. వంత చోటు రాగానే చెయ్యి ఆగేది, అచ్చియ్యమ్మ అందుకునేది.

షంషాద్ లేచి, సంచీలోంచి ఖాళీ క్యాసెట్టు ఒకటి తీసి మంచం దగ్గరి టేప్‌రికార్డరులో వేసింది. రికార్డు చేసే ఎర్ర బటను నొక్కింది.

"మొదట్నుంచి పాడు పిన్నీ," అంది. "ఆగిన చోట ఆగు. దరువు కూడా టేపులో పడుతుంది."