అంచు దాకా చుట్టిన రీలు

మా ఆయన రఘునాథ్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి దేన్నీ అంచు దాకా నింపకుండా వదలడు. కాఫీ గ్లాసు తొణకాలి. బిందెలో నీళ్లు గడపలో ఒలికి నేను జారాలి. ఊరికి పోతే పెట్టె మీద ఇద్దరం కూర్చుంటే తప్ప జిప్పు పడకూడదు. హిందూపురంలో మా అత్తగారింటి పద్ధతే అది. రాగులు కొలిస్తే శేరు మీద కుప్ప నిలబడాలి. వెలితిగా కొలిస్తే ఇల్లే వెలితి పడుతుందట. కాపురానికొచ్చిన కొత్తలో వేలెడు వెలితితో మజ్జిగ ఇచ్చానని మా అత్త ఆ గ్లాసును వీధిలోకి తీసుకుపోయి నలుగురికీ చూపించింది.

అలాంటి మనిషికి చేపల పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే స్నేహితుడు కుళ్లాయప్పతో కలిసి పెనుకొండ అవతలి చెరువుకు పోవడం. చక్రంలా తిరిగే హ్యాండిలున్న రీలు, దానికో రాడ్డు, సన్నటి పోగుల్ని జడలా అల్లిన దారం, అన్నీ కొన్నాడు. దారాన్ని రీలు స్పూలుకు ఎలా చుట్టాడో వేరే చెప్పాలా? అంచు దాకా, ఇంకాస్త పైకి.

చిత్రాన్నం డబ్బా మోసే హోదాలో నేనూ వెళ్లేదాన్ని. ఒక ఆదివారం ఆయన ఫోనులో మునిగి ఉన్నప్పుడు రాడ్డు తీసుకుని ఒక్కసారి విసిరాను. గాలం ఎండలో మెరుస్తూ నీళ్ల మీదుగా ఎక్కడికో పోయి పడింది. డిగ్రీ పాసై కాపురానికొచ్చాక నా చేతుల్లోంచి ఏదీ అంత దూరం పోలేదు. మళ్లీ విసరాలనిపించింది. ఈలోగా ఆయన వచ్చి రాడ్డు లాక్కుని తాను విసిరాడు. దారం స్పూలు మీంచి గుత్తిగా లేచి, కాకిగూడులా చిక్కుపడి కూర్చుంది.

"సూడు, నువ్వు ముట్టుకుంటివి, చిక్కు పడె! ఆడోళ్ల చెయ్యి తగిలితే ఇంతే. ఇంగ రాడ్డు జోలికి రావద్దు," అన్నాడు. కుళ్లాయప్ప పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

అంతకుముందు చిక్కులు పడలేదా అంటే, పడ్డాయి. మొదట్లో తప్పు గాలిది. తర్వాత దారం చేసినవాళ్లది. ఇప్పుడు నాది. పెళ్లయిన ఇన్నేళ్లకు నాకొచ్చిన ప్రమోషను ఇది. ఆ వారమంతా స్నేహితులకు ఫోన్లు చేసి మరీ ఆ కబురు చెప్పుకున్నాడు.

శనివారం పొద్దున ఆయన పేపరు చదువుతుండగా, ఎదురుగా కూర్చుని రీలు మీది దారం విప్పి ఖాళీ నెయ్యి డబ్బాకు చుట్టడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తాండావే వసుంధరా?"

"విప్పుతాండా."

"ముట్టుకోవద్దని చెప్పినా గదా!"

"చెప్పినారు. వింటి. ముట్టుకుంటాండా."

మాది ధర్మవరం. నాయన మగ్గం మీద కూర్చుంటే, కాలేజీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కండెలకు పట్టుదారం చుట్టింది నేనే. కండె వదులుగా చుట్టినా, అంచు దాటించినా, అది నాడెలో కూర్చుని పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు చుట్లు ఒక్కసారిగా జారి ముద్దయిపోతాయి. అప్పుడు నాయన తిట్టేవాడు కాదు. మగ్గం ఆపి ఊరకే కూర్చునేవాడు. ఆ ఊరకుండటం కన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

దారాన్ని తడిగుడ్డలో వేళ్ల మధ్య నొక్కిపట్టి, హ్యాండిలు తిప్పుతూ మళ్లీ రీలుకు బిగువుగా చుట్టాను. అంచుకు కాస్త కిందే ఆపి, మిగిలిన దారం కత్తిరించాను. కత్తెర చప్పుడుకు ఆయన పేపరు కింద పడేశాడు.

"కొత్త దారమే అది! అంత వెలితి పెడితివే!"

"దారం పోవల్లంటే ఆ వెలితి ఉండల్ల. రేపు నేను విసురుతా. నా చేతిలో ఒక్క చిక్కు పడినా ఇంగ చెరువు కట్ట ఎక్కను. పడకపోతే ఆదివారం రాడ్డు సగం నాది. తప్పు నాది కాదని కుళ్లాయప్ప ముందర మీరు నోరు తెరిచి చెప్పల్ల."

"సరే పో," అన్నాడు, గెలిచినవాడిలా.

మర్నాడు చెరువు కట్ట మీద నేను కొంగు దోపుకోగానే కుళ్లాయప్ప, "వదినా, చేపలు నిన్ను జూసి అవతలి గట్టుకు పోతాండాయి," అన్నాడు.

"నువ్వు గూడ ఆడికే పో నాయనా," అని విసిరాను.

గాలం నీళ్లను తాకబోతుండగా స్పూలు మీద వేలు ఆనించి దారాన్ని ఆపాను. దారాన్ని స్పూలు మీదికి మళ్లించే వంపు కమ్మీని, హ్యాండిలు తిప్పి కాకుండా, చేత్తోనే మూశాను. వదులుగా ఉన్న దారాన్ని వేళ్లతో లాగి బిగించాక గానీ హ్యాండిలు తిప్పలేదు. గాలి లేచినప్పుడు నీళ్లకు దగ్గరగా, కిందికి విసిరాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా విసురుతూనే ఉన్నాను. ఒక్క చిక్కు లేదు. చేప కూడా పడలేదనుకోండి. అది పందెంలో లేదు.

"తడిగుడ్డలో ఏందో మాయ ఉండాది. ఇట్ల తే," అని ఆయన రాడ్డు లాక్కున్నాడు. విసిరాడు. గాలం నీళ్లలో పడకముందే హ్యాండిలు గిరగిరా తిప్పేశాడు. కమ్మీ టప్పున మూసుకుంది, వదులు దారం ఉంగరంలా స్పూలు మీద నిలిచిపోయింది. ఆయన చూడలేదు. మళ్లీ విసిరాడు. మళ్లీ కాకిగూడు.

"ఆ! చిక్కు పడె! పందెం పోయె!" అని అరిచాడు.

"పడింది ఎవరి చేతిలో?" అన్నాను.

కుళ్లాయప్ప గడ్డం గోక్కుంటూ, "ఏమప్పా రఘూ, పొద్దున్నుంచి వదిన చేతిలో ఒక్కటీ పడలే. ఈతూరి యా ఆడమనిషి ముట్టుకునె?" అన్నాడు.

ఆయన ముద్దను బలంగా లాగబోయాడు. రాడ్డు చేతిలోంచి తీసుకున్నాను. గాజుకున్న పిన్నీసు ఊడదీసి, ముడి బిగియకుండా ఒక్కొక్క ఉంగరాన్నీ వదులు చేస్తూ కూర్చున్నాను. నాయన మగ్గం ఆపినట్టే ఊరకున్నాను.

ఆయన కొంచెంసేపు చెరువు వైపు చూశాడు. కొంచెంసేపు చెప్పుల వైపు. కుళ్లాయప్ప చిత్రాన్నం డబ్బా మూత తీసి, తినకుండా అలాగే పట్టుకున్నాడు.

"గాలి గాదులే," అన్నాడు ఆయన, దగ్గి. "దారం చేసినోళ్లదీ గాదు. వసుంధరదీ గాదు. ఆ పొద్దు అంచు దాకా చుట్టింది నేను, ఇప్పుడు సూసుకోకుండ తిప్పింది నేను."

"గట్టిగ చెప్పప్పా. గాలికి ఇనపడలే," అన్నాడు కుళ్లాయప్ప.

"తప్పు నాదేనబ్బా!"