ఉప్పు చల్లిన ఐసు

కోటబొమ్మాళిలో చేపలమ్మే లక్ష్మణమ్మకు ఐసులో ఉన్నదేదీ చెడిపోదని గట్టి నమ్మకం. అందుకే పెనిమిటి కూర్మయ్య ఇన్సులిన్ సీసాను కూడా చేపల పెట్టెలో, ఉప్పు చల్లిన ఐసులోనే దాచేది. గడ్డకడితే అరచేతుల్లో రుద్ది కరిగించి సూది పొడిచేది. అయినా సుగరు దిగలేదు, కాలి పుండు మానలేదు. "దొంగతిండి తింతన్నావు, సిగ్గునేదా?" అని వీధంతా వినేలా దులిపేసేది.

చివరికి ఆసుపత్రిలో కాలు తీసేశారు. వరండాలో నర్సు షీబా, లక్ష్మణమ్మ మందు దాచిన సంగతంతా విని తల పట్టుకుంది.

"మన ఒంట్లో ఊరే ఇన్సులిన్‌ని అచ్చుగుద్దినట్టు సూక్ష్మజీవుల సేత సేయించిన మందమ్మా ఇది. అందులో గొలుసుల్లాటి రెండు ప్రోటీను పోగులు ముడిపడి, ఒక పద్ధతిగా మడతపడుంటాయి. ఉప్పేసిన ఐసు మరీ సల్లన, అందులో గడ్డకడితే ఆ మడత సెడిపోద్ది. కరిగించినా మల్లీ కుదరదు. ఇన్నాల్లూ నువ్వు పొడిసింది ఉత్తినీల్లతో సమానం."

లక్ష్మణమ్మ లోపలికెళ్లింది. బంధువులంతా మంచం చుట్టూ ఉన్నారు. కూర్మయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు సెప్తే నాను ఇన్నేదు. మేనల్లుడి పెళ్లిలో లడ్డూలు తినీసినాను. నా నోరే నా కాలు తినీసింది. తిట్టవేటే?"

నిజం ఆమె గొంతుదాకా వచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. దాన్ని మింగేసి, "పోన్లే, ఇకనైనా నోరు కట్టుకో" అంది.