మొగిలి పోయిన తోవ

వినోద ఒక ఆదివారం పొద్దున వచ్చి, చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడింది. లోపలికి వచ్చి కూర్చోమంటే తల అడ్డంగా ఊపింది.

"కాకా, మా బాపు మమ్ముల ఇడిసి ఉరికిపోయిండా, సచ్చిపోయిండా? రెండిట్ల ఏదో ఒకటి నాకు తెల్వాలె."

ఇరవై ఆరేళ్ల తర్వాత ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆమే చెప్పింది. ముందటి వారం మా వాడలో హరీష్ అనే కుర్రాడి పెళ్లికి పసుపు దంచుతుంటే, వినోద వాళ్ల అమ్మ కట్టమ్మ కూడా రోకలి మీద చెయ్యి వెయ్యబోయిందట. ఒకామె అడ్డం వచ్చిందట. "నీ మొగడు ఉన్నడో లేడో నీకే తెల్వదు. మంచిపనిల మాకెందుకమ్మా అనుమానం" అన్నదట. కట్టమ్మ ఇంటికి వచ్చి, పొద్దుగూకే దాకా కండెలకు నూలు చుడుతూ కూర్చుందట.

"ఏడ్సినా మంచిగుండు కాకా. అవ్వ ఏడుస్తలేదు. మా బాపును ఆఖరుకు చూసింది నువ్వే గద. నిన్ను గాక ఎవర్ని అడగాలె?"

చూశానని నేను చెప్పిన మాట నిజమే.

మాది వరంగల్ కాశిబుగ్గ. వినోద తండ్రి మొగిలి జంపఖానాలు నేసే నూలుకు రంగులు అద్దేవాడు. 1999లో, పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ముందు రోజు, పాలంపేట అవతల ఉండే అక్కను బతుకమ్మకు తీసుకొస్తానని పొద్దున్నే బయలుదేరాడు. అక్క ఇంటికి చేరలేదు. తిరిగి రాలేదు. నాలుగైదు రోజుల తర్వాత నేను ఐలయ్య హోటల్లో చాయ్ తాగుతూ, మొగిలిని కాజీపేట స్టేషన్లో బొంబాయి బండి ఎక్కుతుంటే చూశానన్నాను. మా వాడ మగవాళ్లు బొంబాయి పక్కన భివండి మగ్గాలకు పోవడం అప్పటికి కొత్త కాదు. పోయినవాళ్లలో ఒకరిద్దరు అక్కడే ఇంకో సంసారం పెట్టడం కూడా కొత్త కాదు. ఆ రోజుతో మా వాడ మొగిలిని వెతకడం మానేసింది.

వినోద అడిగినదానికి కాదనలేకపోయాను. నేను ధాన్యం అమ్మే గల్లా మార్కెట్లో గుమస్తాగా పని చేసి రిటైరైనవాణ్ణి. బీకామ్ చదివాను గానీ, పోలీసు వ్యవహారం ఏదీ తెలియదు. కానీ మా ఆవిడ రమ మంచాన పడ్డ ఏడాదీ కట్టమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి ఆమె తల దువ్వేది. మందులకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంటే, ఆ వెంట్రుకలు రమ కంట పడకుండా చెంగులో మూట కట్టుకుని పోయేది. రమ పోయి రెండేళ్లయింది. నాకు ఆ చెంగు ఇంకా కనిపిస్తుంటుంది.

శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదవడానికి సత్యనారాయణ అని రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన వస్తాడు. ఆయనను అడిగాను.

"సినిమాలు చూసి బయలెల్లిన్రా సారూ?" అని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "ముందుగాల ఇంటోళ్లను అడుగుండ్రి. ఆమె వద్దంటె ముట్టుకోకుండ్రి. సరే అంటె ఒక నోటుబుక్కు కొనుండ్రి. ఎవలెవలు ఏమన్నరో రాయుండ్రి. ఆ మాట పక్కకే, అది వాళ్లకు ఎవలు చెప్పిన్రో రాయుండ్రి. ఎవల మీదా అనుమానం మాత్రం రాయొద్దు."

"ఎందుకు?"

"రాసుకున్నరంటె ఇగ మీకు అదే కనవడ్తది. నా సర్వీసంత గదే చూసిన."

కట్టమ్మను అడిగాను. ఆమె మగ్గం గుంటలో కూర్చుని ఉంది. కాళ్లు ఆగాయి గానీ తల ఎత్తలేదు.

"ఎతుకు అన్నా. దొరికినంక మాత్రం నా దగ్గర ఏదీ దాచకు. సగం తెల్సి బతుకుడు ఇన్నేండ్లు అయింది. ఇంక నాతోని కాదు."

దాచనన్నాను.

మూడు వారాలు వాడంతా తిరిగాను. పద్నాలుగు మందిని అడిగాను. అందరూ చాయ్ ఇచ్చారు, కుర్చీ వేశారు, అందరికీ మొగిలి సంగతి తెలుసు. భివండిలో ఉన్నాడన్నారు. ఆడమనిషితో పోయాడన్నారు. ఒకావిడ ఆ ఆడమనిషి చీర రంగు కూడా చెప్పింది. ప్రతి మాటకూ నేను ఒకటే అడిగాను, మీకు ఎవరు చెప్పారని. ఆమె మరిది చెప్పాడు, మరిదికి పాన్ డబ్బా ఆయన చెప్పాడు, పాన్ డబ్బా ఆయన ఐలయ్య హోటల్లో విన్నాడు. ఇంకొకరికి మేనత్త, మేనత్తకు ఐలయ్య భార్య. ఇంటికి వచ్చి ఒక్కో పేరు నుంచి గీత గీసుకుంటూ పోతే, పద్నాలుగు గీతలూ చివరికి ఒక్క చోటికే వచ్చాయి. అక్కడ నా పేరు రాయవలసి వచ్చింది.

భార్యను వదిలి పోయినవాడని మొగిలికి పడ్డ పేరుకు వాడలో రెండో సాక్షి లేడు.

అప్పుడు నా మాట పక్కన నేను చూసింది ఏమిటో రాయడానికి కూర్చున్నాను. ప్లాట్‌ఫారం నిండా జనం. జనరల్ డబ్బా తలుపు. తలుపు పక్క ఇనుప కడ్డీని పట్టుకున్న ఒక చెయ్యి, గోళ్ల నుంచి మోచేతి దాకా నీలం. "మొగిలీ" అని పిలిచాను. చెయ్యి లోపలికి పోయింది. అంతే. ముఖం నేను చూడలేదు. పిలిచినా తిరిగి చూడలేదని హోటల్లో చెప్పాను. అది వినేవాళ్లకు, తెలిసీ మొహం తిప్పుకున్నాడన్నట్టు వినిపించింది. నేనూ కాదనలేదు. అందరూ నా వైపు వంగి వింటున్నారు. అది నాకు బాగుంది.

సత్యనారాయణ చెప్పినట్టు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మొదట కట్టమ్మ ఇచ్చిన ఫిర్యాదు నకలు వచ్చింది. అది మొగిలి పోయిన పదిహేను రోజులకు ఇచ్చినది. దాంతో పాటు నా వాంగ్మూలం, నా సంతకం, స్టేషన్లో చూశానన్న తేదీ. పెత్రమాస దాటిన మూడో రోజు. మొగిలి గుర్తుల కింద చామనఛాయ, ఐదడుగుల నాలుగంగుళాలు, ఎడమ భుజం మీద పుట్టుమచ్చ అని ఉంది. చేతుల గురించి ఒక్క ముక్క లేదు.

కట్టమ్మను ఆ సంగతి అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

"చేతుల సంగతి ఏం చెప్తరు అన్నా? మా గల్లీల రంగుపనోళ్ల చేతులన్నీ గట్లనే ఉంటయి. అదొక గుర్తా?"

నిజమే. వాడ లోపల అది గుర్తు కాదు. వాడ దాటితే అంతకు మించిన గుర్తు లేదు. ఇంట్లో వాళ్లకు చెప్పాలని తోచలేదు, రాసుకునే పోలీసుకు అడగాలని తోచలేదు. నాకు మాత్రం స్టేషన్లో ఆ రంగు కనబడగానే మొగిలే అనిపించింది, మా వాడలో ఇంకో పదిమందికి అవే చేతులున్నాయని తెలిసి కూడా.

"మనిషిని ఎతుకుడు ఆపుండ్రి. ఇగ తోవను ఎతుకుండ్రి" అన్నాడు సత్యనారాయణ. మొగిలి పోయిన దారిలో ఆ నాలుగు రోజుల్లో ఎక్కడైనా గుర్తుతెలియని మనిషి దొరికాడేమో చూడమన్నాడు. గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు మేమిద్దరం కలిసి దించాం. దుమ్ముకు నేను దగ్గుతుంటే ఆయన కట్టను తన వైపు లాక్కుని, "మీరు చదువుండ్రి, నేను తిప్పుత" అన్నాడు. జిల్లా పేజీలో మూడంటే మూడు లైన్లు దొరికాయి. పాలంపేట రోడ్డు పక్కన పొలం కాలువలో గుర్తుతెలియని వ్యక్తి శవం. విషం తాగి చనిపోయినట్టు అనుమానం. దొరికింది పెత్రమాస నాటి పొద్దున.

ఆ వార్త పట్టుకుని ఇంకో దరఖాస్తు పెట్టాను. పంచనామా నకలు రావడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు చేతులు మోచేతుల వరకు నీలవర్ణంగా ఉన్నవి, విషప్రభావం కావచ్చును అని రాశారు. అటువైపు పొలం పనివాళ్లే సాక్షి సంతకాలు పెట్టిన పంచులు. రంగుపనివాళ్ల చేతులు వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. జత చేసిన డాక్టరు కాగితంలో విషం లేదు, తల వెనక దెబ్బ అని ఉంది. బండి కొట్టిందా, మనిషి కొట్టాడా, ఎవరూ తేల్చలేదు. వెతుకుతూ ఎవరూ రాలేదు గనక పాతిపెట్టి ఫైలు మూశారు. తెల్ల చొక్కా, మూడో గుండీ ఎర్ర నూలుతో కుట్టి ఉన్నది, అని చివరలో ఒక వాక్యం.

నీలం చేతులు పదిమందికి ఉన్నా, ఆ గుండీ కుట్టిన మనిషి ఒక్కరే ఉంటారు.

ఆ కాగితాలు తొమ్మిది రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. పంచనామా ఒక్కటీ ఇస్తే చాలు, కట్టమ్మకు భర్త ఏమయ్యాడో తెలుస్తుంది. నా వాంగ్మూలం నకలు బీరువాలో ఉండిపోతే ఎవరూ అడగరు. ఈ ఆలోచన ఒకసారి కాదు, రోజూ వచ్చింది. తొమ్మిదో రోజు కట్టమ్మ దారిలో ఎదురైంది. ఏమీ అడగలేదు. నా కళ్లలోకి కూడా చూడలేదు, నన్ను తొందరపెట్టినట్టవుతుందని కాబోలు. మరునాడు మధ్యాహ్నం రెండు కాగితాలూ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను.

వినోద కూడా ఉంది. చదివి వినిపించాను. గుండీ మాట రాగానే కట్టమ్మ చెయ్యి ఎత్తి ఆగమంది.

"తెల్లదారం దొర్కలే ఆ పొద్దు. బస్సు పోతది అని ఒక్కటే లొల్లి. కండెకున్న ఎర్ర నూలే ఎక్కిచ్చి కుట్టిన." కాగితం వైపు చూసి అడిగింది. "మనిషి ఏడ దొరికిండు? అక్క ఊరి తొవ్వ మలిగిండా, మలుగలేదా?"

పంచనామాకు జత చేసిన పటం చూశాను. కాలువ ఆ ఊరి మలుపు దాటాకే ఉంది. "మలిగిండు కట్టమ్మా. ఇంకో రెండు కిలోమీటర్లు నడిస్తె ఊరే."

"అంటె చెప్పిన కాడికే పోతాండు."

"ఔ."

ఆమె గోడకు ఆనుకుంది. వినోద తల్లి నుదుటి బొట్టు వైపు చూసి, చూడకూడనిది చూసినట్టు తల దించుకుంది. "దాని సంగతి నేను చూసుకుంట బిడ్డా" అంది కట్టమ్మ.

అప్పుడు రెండో కాగితం తీశాను. తేదీ చదివాను. పాలంపేట దగ్గర శవం దొరికిన మూడు రోజులకు నేను మొగిలిని కాజీపేటలో చూశానని సంతకం పెట్టిన సంగతి చెప్పాను. ముఖం చూడలేదని, చెయ్యి మాత్రమే చూశానని చెప్పాను.

"ఇరవై ఆరేండ్లు, కాకా," అంది వినోద. "బడిల నన్ను ఏమని పిలిచేటోళ్లో తెలుసా నీకు?"

తెలుసు. మా గల్లీలోంచే బడికి పోయేది. వినేవాణ్ణి.

కట్టమ్మ గోడ వదిలి నిటారుగా కూర్చుంది. "ఆ మాట ఎన్నిసార్లు చెప్పినవ్?"

"హోటల్ల ఒకపాలి. పోలీసులకు ఒకపాలి. రేపే పోయి, నాది తప్పని స్టేషన్ల రాసిస్త."

"రాసియ్యి. కాని పసుపు దంచే కాడ నా చెయ్యి పట్టి ఆపింది పోలీసులా? వాడ ఆపింది. వాడల చెప్పినవ్ గద, వాడలనే చెప్పు. అప్పుడు ఎవలెవలు ఇన్నరో వాళ్లందరికి."

హోటల్ తీసేసి చాలా కాలమైంది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ రోజు ఐలయ్యతో కలిపి అక్కడ ఉన్నవాళ్లను గుర్తు చేసుకుని నోటుబుక్కు వెనక పేజీలో రాశాను. పదకొండు మంది. రాస్తుంటేనే ఆరు పేర్ల పక్కన గీత పెట్టవలసి వచ్చింది. వాళ్లు మొగిలిని చెడ్డవాడనుకునే చనిపోయారు. వాళ్లకు ఇక ఎవరు చెప్పినా చేరదు. ఆ లెక్క చూపిస్తే కట్టమ్మ, "ఉన్నోళ్లకన్న చెప్పు" అని లేచింది.

హోటల్ నడిపిన ఐలయ్య ఇంటికే ముందు పోయాం. ఎనభై దాటాయి ఆయనకు. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టమ్మ, వినోద రెండడుగులు వెనక నిలబడ్డారు. నేను వంగి, దారిలో కూర్చుకున్న మాటలు నెమ్మదిగా చెప్పాను. జనం ఎక్కువగా ఉన్నారనీ, పొరపాటు పడ్డాననీ, ఆ రోజుల్లో ఎవరైనా అలాగే అనుకునేవారనీ.

"ఏందీ? ఇనవడ్తలేదు సదానందం. చెవులు పోయినయి. గట్టిగ చెప్పు."

గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఆయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"బొంబాయా? ఎవలు పోయిన్రు బొంబాయి?"

అంత పొడుగు మాటలు అరిచి చెప్పడానికి వీలు కాదని తెలిసింది. జనం, పొరపాటు, ఆ రోజులు అన్నీ రాలిపోయాయి. మిగిలింది అరిచాను.

"మొగిలి రైలెక్కలే ఐలన్నా. నేను మొగిలిని చూడలే. చూసిన అని చెప్పిన. మొగిలి అక్క దగ్గరికి పోతాంటె తొవ్వలనే సచ్చిపోయిండు."

ఎదురింట్లో మగ్గం ఆగింది. దాని పక్కింట్లోదీ ఆగింది. పసుపు దగ్గర అడ్డం వచ్చినామె కావచ్చు, ఒకామె చీపురు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. ఐలయ్య నన్ను చూసి, నా వెనక ఉన్న కట్టమ్మను చూశాడు.

"మరి గప్పుడు ఎందుకు చెప్పినవ్ రా?"

నోటుబుక్కులో ఆ ఒక్కదానికి జవాబు రాసుకోలేదు. అందరూ నా వైపు వంగి వినడం నాకు బాగుండిందని ఆయనకు వినిపించేలా అరవాలంటే ఊపిరి చాలలేదు.

"అది కూడ చెప్పు," అంది వెనక నుంచి కట్టమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "నిమ్మలంగ చెప్పు. ఇంక నాలుగిండ్లు ఉన్నయి."